నాయన మెరుగు పెట్టిన గోడ

మా తమ్ముడు ఓబులేసు నంద్యాలలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో ఏ గోడను వేళ్లతో కొట్టినా బోలుగా మోగుతుంది. హాల్లో టీవీ వెనక రాయి కనిపిస్తుంది, కొడితే అది రాయి కాదు. దాని పక్కన టేకు పలకలు కనిపిస్తాయి, కొడితే అవి టేకు కాదు. తలెత్తితే కప్పు, ఆ కప్పు పైన దాక్కున్న అసలు కప్పు. గృహప్రవేశానికి వెళ్లలేకపోయానని మొన్న తీరిగ్గా చూసొద్దామని వెళ్లాను. ఇంటీరియర్ చేసిన అమ్మాయి ఆ రోజు అక్కడే ఉంది, ఏదో తలుపు బిగుసుకుంటోందని సరిచేయించడానికి వచ్చింది. చక్కటి పిల్ల, మాట మెత్తన. నేను గోడలన్నీ కొట్టుకుంటూ తిరగడం చూసి, ఈ పెద్దావిడకు ఎక్కడో తేడా ఉందనుకున్నట్టుంది, ఓపిగ్గా చెప్పుకొచ్చింది. "అంతా ఒకే రకం వాడితే ఇల్లు చప్పగా ఉంటుందాంటీ. గరుకు పక్కన నునుపు పెట్టాలి. చల్లటి రాయి పక్కన వెచ్చటి చెక్క పెట్టాలి. రెండూ కలిసేచోట సన్నటి ఇత్తడి గీత వేస్తే ఒకదానితో ఒకటి గొడవపడవు."

"మా ఇంట్లో కూడా అంతేనమ్మా," అన్నాను. "నేను గరుకు, మా ఆయన నునుపు. మధ్యలో ఇత్తడి గీత మా అత్త. ఆమె పోయినాంక మా గొడవ ఆపేదానికి మనిషే లేకుండా పోయింది."

పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అట్లా నవ్వించుకుంటూనే పడకగదిలోకి వెళ్లాను. అక్కడ మంచం తల వైపు గోడంతా, నేల నుంచి నా తలకు పైదాకా, నల్లటి రాయి. అద్దంలా ఉంది. "ఇది మాత్రం నిజం రాయే ఆంటీ," అంది ఆ పిల్ల, నా వేళ్లు లేవకముందే. అందులో నేను కనిపించాను, నా వెనక తమ్ముడు కనిపించాడు, తమ్ముడి పరుపు మీద అప్పుడే నిద్రలేచి కళ్లు నులుముకుంటున్న వాడి మనవడు కనిపించాడు. "కూర్చో అక్కా," అన్నాడు తమ్ముడు. నేను కూర్చోలేదు. "ఏందక్కా, మంచం కరుస్తాదా?" అన్నాడు. "మంచం మంచిదే లేప్పా, దాని సావాసమే బాగలేదు," అని పిల్లోణ్ణి చంకన వేసుకుని బయటికి వచ్చేశాను. కాళ్లు వణకడం వాళ్లకు కనిపించకూడదని వసారాలో మొక్కలు చూస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డాను. ఆ వణుకు వయసుది కాదు. దాని వయసు మా తమ్ముడి వయసు. వాడు పుట్టిన వానాకాలంలో అది నా మోకాళ్లలోకి వచ్చి చేరింది. ఆ కథలో అందరికంటే ముఖ్యమైనవాడు వాడే, గుర్తులేనిది కూడా వాడొక్కడికే.

మాది ఆళ్లగడ్డ, శిల్పాలు చెక్కే ఊరు. మా నాయన సుంకన్న శిల్పి కాడు. శిల్పులు చెక్కి పక్కన పెట్టిన రాతికి మెరుగు పెట్టడం ఆయన పని. నీళ్లు పోసుకుంటూ ముందు గరుకు రాయితో, తర్వాత దానికంటే నున్నటి రాయితో, ఆఖరికి గోనెగుడ్డతో రుద్దేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పటికి ఆయన దగ్గర తడిసిన రాతిపొడి వాసన వచ్చేది, తొలి చినుకులు బండ మీద పడ్డప్పుడు వచ్చే వాసన. చేతులు బూడిద పూసుకున్నట్టుండేవి. ఇంట్లోకి వచ్చిన మనిషి ఊరికే కూర్చునేవాడు కాదు, దొరికినదల్లా వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. మంచి రాయి గంటలా మోగుతుంది, లోపల చీలిక ఉన్న రాయి బొంగురుగా పలుకుతుంది, ఆ షెడ్డులో పనిచేసేవాళ్లందరికీ ఆ అలవాటే. నీళ్ల కడవ కొట్టేవాడు, కొత్త బిందె కొట్టేవాడు, పుచ్చకాయ సరేసరి. దగ్గరికి పిలిచి నా నెత్తిన కూడా కొట్టి, చెవి పెట్టి విని, "లోపల ఏమీ లేదు, బోలు," అని తేల్చేవాడు. ఆ మాట మా లెక్కల అయ్యవారికి ముందే తెలుసు. ఏడో తరగతి మధ్యలో, అమ్మకు కాన్పు దగ్గరపడిందని, ఇంట్లో ఒక చెయ్యి కావాలని నన్ను బడి మాన్పించారు. అయ్యవారు ఇంటికొచ్చి, "దీన్ని మళ్లీ పంపొద్దు, మిగిలిన పిల్లోళ్లన్నా చదువుకుంటారు," అన్నాడని వీధంతా నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆయన రానేలేదు. ఎవరూ రాకపోవడం కంటే ఆ కథ బాగుంటుంది కదా.

మా ఇల్లు మట్టిమిద్దె. రాళ్లు పేర్చి మధ్యలో మట్టి నింపిన లావుపాటి గోడలు, వాటిమీద దూలాలు, దూలాల మీద కట్టెలు, ఆపైన చౌడుమన్ను. ఒకటే పెద్ద గది, వెనక వంటకొట్టం. ఆ గోడలు మా అబ్బ, అంటే నాయన తండ్రి, తన కాళ్లతో మట్టి తొక్కి కట్టినవి. ఆయన పోయాక ఆ గోడల బాగోగులు జేజివి. జేజి అంటే నాయన తల్లి, భారీ మనిషి, మంచం మీద కూర్చుంటే మంచమే ముందు అయ్యో అనేది. ఏటా వానలకు ముందు పేడ, ఎర్రమట్టి కలిపి పిసికి గోడలకు మెత్తేది, అది ఆరాక సున్నం కొట్టేది. రెండు మూడు రోజులు ఇల్లంతా పచ్చిమట్టి వాసన, మా చేతులన్నీ పగుళ్లు. మెత్తేటప్పుడు జేజి నోరు ఊరుకునేది కాదు. "ఈ గోడకు పూసినంత నా మొగానికి పూసింటే ఈ పాటికి మహారాణి లెక్క ఉందును," అనేది. అందుకే నాయన గోడకు రాయి పెడతానన్నప్పుడు, అడ్డం పడాల్సిన మనిషే అందరికంటే ముందు సంతోషపడింది.

నాయనకు ఆ ఆలోచన నంద్యాలలో పుట్టింది. ఎవరో ఉన్నవాళ్ల ఇంట్లో దేవుడి గదికి రాయి బిగించడానికి షెడ్డువాళ్లతో వెళ్లాడు. తిరిగొచ్చి అన్నం కూడా తినకుండా ఆ ఇంటి హాలు గురించి చెప్పాడు. కింద సగం గోడకు నల్లరాయి, దానిపైన లేత పసుపు బండ, ఆ రెండింటి నడుమ చెక్క పట్టీ, ఇంకా పైన కప్పుదాకా జారిపోయేటంత నున్నటి ఆయిల్ పెయింట్. "రాయీ కట్టే రంగూ, మూడూ కలిపి ఒక్క గోడకు పెట్టినారు మే," అని అమ్మకు చెప్తూ గాల్లో చెయ్యి ఆడించాడు, అక్కడ నిజంగా గోడ ఉన్నట్టు. రోజంతా దేవుళ్లకు మెరుగు పెట్టే మనిషి, ఇంటికొస్తే పేడ మెత్తిన గోడ. ఆ తేడా అంతకుముందు ఆయనకు కనిపించిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు నుంచి మాత్రం అదే కనిపించింది.

షెడ్డులో అంచులు విరిగిన నల్లరాతి పలకలు పక్కన పడేస్తారు, బేతంచెర్ల పసుపు బండల ముక్కలు ఎక్కడబడితే అక్కడ దొరుకుతాయి. ఒక్కొక్కటే సైకిలు మీద కట్టుకుని తెచ్చాడు. ఒక్కొక్కదాన్నీ పెరట్లో కూర్చుని రుద్దాడు. గది లోపల పొడుగు గోడకు, అంటే దూలాలు మోసే గోడకు, జేజి మెత్తిన మట్టి గీకేసి సిమెంటు పెట్టి ఆ పలకలు అతికించాడు, కింద నల్లవి, మీద పసుపువి, నడుమ చెక్క పట్టీ. పైన ఆకుపచ్చ పెయింటు. వీధిలో నుంచి చూస్తే కూడా బాగుండాలని ఆ గోడకు బయటివైపు సిమెంటు పూసేశాడు. ఆళ్లగడ్డలో మా వీధి వీధంతా వచ్చి చూసింది. ఎదురింటి మాబున్ని, గాజుల మలారం మోసుకుని ఊళ్లు తిరిగే మనిషి, ఎన్నో ఇళ్లు చూసిన మనిషి, గోడలో మొగం చూసుకుని కొంగు సర్దుకుంది. "సుంకన్నన్నా, ఈ గోడ ఉండంగ మీ చెంచికి అద్దం కొనే పనిలే," అంది. చెంచి అంటే నేనే, చెంచులక్ష్మిని. జేజి అయితే ఆ గోడను వదిలేది కాదు. మధ్యాహ్నం అన్నం తిని, వక్కలు దంచుకుని, ఆ చల్లటి రాతికి వీపు ఆనించి కూర్చుంటే మళ్లీ దీపాలప్పుడే లేచేది. "నా కొడుకు నాకు కట్టిన సింహాసనం," అనేది వచ్చినవాళ్లతో. ఆ ఏడు గోడకు మట్టి మెత్తే పని లేదు. మెత్తాల్సిన మట్టి ఎక్కడుందో కూడా మాకు కనిపించడం లేదు.

తమ్ముడు ఆ వానాకాలం పుట్టాడు. నాకూ వాడికీ మధ్య ఇద్దరు పుట్టారు, ఇద్దరూ పేరు పెట్టకముందే పోయారు. మా ఇంట్లో బాలింత మంచం ఆ పొడుగు గోడ మూలన వేస్తారు. దానికి పాతచీర అడ్డం కడతారు, దిండు కింద కొడవలి పెడతారు, గడపకు వేపమండలు కడతారు. పురుడు జరిగి, అంటే మైల తీర్చే స్నానం అయి, పేరు పెట్టేదాకా ఆ మంచం కదపకూడదు, బిడ్డ గడప దాటకూడదు. అది అందరిళ్లలో ఉన్నదే, కాని మా జేజికి అది ప్రాణం. ఇద్దరిలో రెండో బిడ్డకు జ్వరం వస్తే పురుడు కాకముందే గడప దాటించి ఆస్పత్రికి తీసుకుపోయారు, ఆ బిడ్డ తిరిగి రాలేదు. జ్వరం వల్ల పోయిందని జేజి ఏనాడూ ఒప్పుకోలేదు. గడప దాటడం వల్ల పోయిందనేది. అందుకని ఈసారి జేజి ఆ మూలకు కాపలా కూర్చుంది. సాంబ్రాణి పొగ, వాము, వెల్లుల్లి, ఆముదం, తడిగుడ్డలు, అన్నీ కలిసిన ఆ మూల వాసన ఇప్పటికీ ఎక్కడైనా బాలింతను చూడబోతే నా ముక్కుకు ముందే తగులుతుంది. బయట వాన. ఆగి ఆగి కురిసే వాన కాదు, పట్టుబట్టి కూర్చున్న వాన.

మట్టిగోడకు వాన తడి కొత్తది కాదు. కప్పు నుంచి దిగిన తడిని గోడ పీల్చుకునేది, ఎండ కాస్తే మళ్లీ వదిలేసేది. ఇప్పుడు ఇటువైపు రాయి, రంగు, అటువైపు సిమెంటు. తడి లోపలికి పోతోంది, బయటికి రావడానికి దారి లేదు. ఇదంతా ఇప్పుడు చెప్తున్నాను. అప్పుడు మాకు తెలిసినదల్లా ఆకుపచ్చ పెయింటు మీద అక్కడక్కడా బుగ్గలు లేచాయని. వాటిని వేలితో నొక్కి పగలగొట్టడం నాకు ఆటగా ఉండేది, లోపల నుంచి చల్లటి నీటిబొట్టు వచ్చేది. ఒక పొద్దున అమ్మకు బాలింత మందు, కాయం ఉండ ఇచ్చి, ఖాళీగా నిలబడి, అలవాటుకొద్దీ నల్లరాతి మీద వేలి కణుపుతో కొట్టాను. పక్క పలక మీద కొట్టాను. నాయన అప్పుడే షెడ్డుకు బయలుదేరుతున్నాడు.

"నాయనా, గోడ అచ్చం నా తలకాయ లెక్కనే మోగుతాంది," అన్నాను.

ఆయన నవ్వుతూనే వచ్చాడు. నవ్వుతూనే కొట్టాడు. రెండోసారి కొట్టేటప్పటికి నవ్వు లేదు. అమ్మ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కింద నుంచి పైదాకా, ఆ చివర నుంచి ఈ చివరదాకా కొట్టుకుంటూ వచ్చి, ఒకచోట చెవి ఆనించి అట్లాగే ఉండిపోయాడు. నేనూ చెవి పెట్టాను. లోపల ఏదో రాలుతోంది. చేటలో నుంచి జొన్నలు జారుతున్నట్టు సన్నగా, ఆగి ఆగి. మా నాయన మొగంలో అంతకుముందెప్పుడూ నేను భయం చూడలేదు. పిల్లలకు అదొక పెద్ద గోడ, తండ్రి మొగం. అది కూడా ఉబ్బి కనిపించింది.

"మంచం ఈడ్నుంచి తీయాల," అన్నాడు.

"ఏందీ?" అంది జేజి. "పురుడు కాలేదు. బుద్ధుండే మాట్లాడతాండావా?"

"అమ్మా, గోడ ఉబ్బింది. లోపల మన్ను కరిగిపోతాంది."

"తీసెయ్ మరి ఆ రాళ్లు!"

"తీస్తే గోడ కూడా వాటెంబడే వస్తాది. సిమెంటు పట్టుకున్నెది మట్టినే గదా."

"తీయకుంటే?"

నాయన తలెత్తి దూలాల వైపు చూశాడు. ఆ గదిలో మంచం ఏ మూలకు జరిపినా లాభం లేదని ఆయనకు తెలుసు. దూలాల తలలు ఆ గోడ మీదే ఉన్నాయి. గోడ కూర్చుంటే కప్పు కూర్చుంటుంది. వానలోనే పోయి ఒక లావుపాటి గుంజ తెచ్చి, మంచం కాళ్ల దగ్గర దూలం కింద నిలబెట్టి, అడుగున బండ పెట్టి బిగించాడు. ఆ గుంజను తట్టి చూసి, తల ఊపి, మళ్లీ తట్టి చూశాడు.

అమ్మ అంతసేపూ పడుకునే ఉంది. తమ్ముడు పాలు తాగుతున్నాడు. వాడు వదిలేదాకా ఆగి, వాణ్ణి పాతచీరలో చుట్టి, దిండు కింది కొడవలి తీసి నా చేతికిచ్చి, లేచి నిలబడింది. జేజి గడపకు అడ్డంగా వచ్చింది. జేజి అడ్డం నిలబడితే గడప కనిపించదు. కాని ఆ రోజు ఆమె అరవలేదు, ఏడ్చింది. "వద్దు తల్లీ. నీకు దణ్ణం పెడతా. ఒకదాన్ని దాటించి ఏమైందో చూసినాం గదా."

"ఇద్దరినీ ఆ మూలలోనే పండబెట్టుకున్యా అత్తా," అంది అమ్మ. "ఆ మూల నాకు ఎవర్ని కాపాడిచ్చింది? తప్పుకో."

వాన నడిమధ్య వీధి దాటాం. నాయన గోనెసంచి పట్టాడు అమ్మ నెత్తిన, నేను కొడవలి పట్టుకుని వెనక. మమ్మల్ని చూసి మాబున్ని ఒక్క ప్రశ్న వేయలేదు. వసారాలో మంచం వేసి, దుప్పటి పరిచి, వానలోకి పోయి వేపమండలు విరుచుకొచ్చి తన గడపకు తనే కట్టింది. "ఇది గూడా గడపే వదినా. ఈడ గూడా కాపలా ఉండాది," అంది. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే జేజి మాతో రాలేదు.

ఆమె లోపలే ఉంది. ఖాళీ అయిన బాలింత మంచం మీద, ఎప్పటిలాగే ఆ నల్లరాతికి వీపు ఆనించి కూర్చుంది. మాబున్ని వసారా నుంచి మా తలుపులోగుండా ఆమె మోకాళ్లు, ఒళ్లో పెట్టుకున్న చేతులు కనిపిస్తున్నాయి. నాయన పోయి పిలిచాడు. "నా మొగుడు మన్ను తొక్కి కట్టిన గోడ. నామీద పడదు," అంది. బతిమాలాడు. చెయ్యి పట్టి లాగబోయాడు. ఆమె రెండు చేతులతో గుంజను వాటేసుకుంది. ఇంట్లో పట్టుకోవడానికి ఇంకేమీ లేనట్టు సరిగ్గా ఆ గుంజనే. లాగితే గుంజ కూడా కదులుతుందని నాయన చేతులు వదిలేసి, ఊపిరి బిగబట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చాడు. వానలో తడుస్తూ వీధి మధ్యలో నిలబడ్డాడు. షెడ్డులో మనిషంత ఎత్తు రాళ్లను కదిలించే మనిషి, కన్నతల్లిని కదిలించలేక మోచేతులు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నావైపు చూశాడు.

"చెంచీ, నువ్వు పోయి ఏదన్నా చెప్పు. నీ మాటకు నవ్వుతాది. నవ్వితే వస్తాది."

అమ్మ, "దాన్నెందుకు పంపుతాండావ్!" అని కేకేసింది. అప్పటికే నేను కదిలాను. ఆ వయసులో పెద్దవాళ్లు తెలివితేటలున్నాయని నమ్మి ఏదైనా పని అప్పగిస్తే చాలు. వీధి దాటేలోపల చెప్పాల్సిన మాట తయారు చేసుకున్నాను. మంచి మాట. నాలో నేనే నవ్వుకున్నాను కూడా. గడప దాటాక ఆ మాట ఉంది, దాన్ని చెప్పే నోరు లేదు.

లోపల వాన చప్పుడు తగ్గిపోయింది. దాని బదులు ఆ రాలే చప్పుడు, పొద్దుటిలా సన్నగా కాదు, గుప్పెడు గుప్పెడుగా. నల్లరాయికి, పసుపు బండకు నడుమ నాయన వేసిన చెక్క పట్టీ విల్లులా వంగి ఉంది. గోడ కడుపుతో ఉన్నట్టుంది. దాని నున్నటి పొట్ట మీద కిటికీ వెలుగు జారుతోంది, ఆ వెలుగు కొద్ది కొద్దిగా చోటు మారుతోంది. రాయి కదలడం మనకు కనిపించదు, రాతిలో కనిపించే బొమ్మ కదలడం కనిపిస్తుంది. నేను జేజి పక్కన మంచం మీద కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలియదు. మోకాళ్లు నిలబడలేదు కాబట్టి కూర్చున్నాను.

"ఏందీ, నీ నాయన పంపించినాడా?" అంది జేజి గుంజ వదలకుండా. "చెప్పు ఏం చెప్తావో. నేనైతే నవ్వను."

నేను నోరు తెరిచాను. గాలి వచ్చింది.

"ఏమే, నోరు యాడ పెట్టొచ్చినావ్?"

మా వెనక ఏదో టప్పుమంది. పెయింటు పగిలి ఆకుపచ్చ పెచ్చు ఒకటి జేజి భుజం మీద పడి నా ఒళ్లోకి జారింది. నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను. ఏడవలేదు, అరవలేదు. జేజి గుంజ మీద నుంచి ఒక చెయ్యి తీసి నా గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది. ఆమె అప్పటిదాకా గోడను చూడలేదు. గోడకు వీపు పెట్టింది కదా, ఎట్లా చూస్తుంది? నా మొగంలో చూసింది. పుట్టినప్పటి నుంచి ఒక్క పూట ఊరుకోని నోరు, పీర్ల పండగ గుంపులో తప్పిపోయినప్పుడు కూడా ఎవరినో వెక్కిరిస్తూ దొరికిన నోరు, తెరుచుకుని అట్లాగే ఉంది. రెండో చెయ్యి కూడా గుంజ వదిలేసింది.

"లెయ్," అంది మెల్లగా, గోడ వింటుందేమో అన్నట్టు. "నడువ్. నిన్ను జూస్తే నాకు భయమైతాంది."

లేవడానికి ఆమె గుంజను పట్టుకోలేదు, నా భుజం పట్టుకుంది. ఆ బరువంతా నా భుజం మీద పడితే నేల మీద నా కాళ్లు నాకు మళ్లీ తెలిశాయి. మెల్లగా, అడుగు చప్పుడు కాకుండా, నిద్రపోతున్న మనిషి పక్క నుంచి జారుకున్నట్టు బయటికి వచ్చాం.

గోడ ఆ రోజు పడలేదు. పడలేదు కాబట్టి సాయంత్రానికి అందరికీ అనుమానం వచ్చింది. వీధిలో ఒకరిద్దరు, పచ్చి బాలింతను ఊరికే వానలో తిప్పారని గొణిగారు. వాన వెలిసి మరుసటి పొద్దున ఎండ వచ్చింది, కళ్లు చెదిరేంత ఎండ. వానలో నిలబడ్డ మట్టిగోడ ఎండకు ఆరేటప్పుడు బిగువు తప్పుతుందని మాకు తెలియదు. గండం గడిచిందనుకుని నాయన వంటసామాను తెద్దామని లేచాడు. ఆపింది జేజి. "ఇంకొంచేపు ఆగురా," అంది. ఎందుకని అడిగితే గడ్డంతో నన్ను చూపించింది. నేను అప్పటికీ మాట్లాడటం లేదు. మాబున్ని అందరికీ చాయ్ పోస్తోంది. అప్పుడు ఎదురుగా మా ఇల్లు, పెద్ద చప్పుడేమీ చేయకుండా, అలసిపోయిన మనిషి కూర్చున్నట్టు కూర్చుంది. ముందు కప్పు మధ్యలో వంగింది, తర్వాత గోడ లోపలికి, సరిగ్గా ఆ మూలలోకి, మంచం ఉన్నచోటికి. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. దుమ్ము తలుపులో నుంచి పొగలా వీధిలోకి వచ్చి మాబున్ని చాయ్ గిన్నెలో పడింది. తమ్ముడు నిద్ర కూడా లేవలేదు.

దుమ్ము అణిగాక నాయన పోయి మట్టి తవ్వాడు. కొడవలికి తెగేంత మెత్తగా, పచ్చిగా, జున్నులా ఉంది ఆ మట్టి. గుంజ విరిగి రెండు ముక్కలై ఉంది. మంచం చెక్కలు అప్పడాలు. వాటిమీద నల్లరాతి పలకలు. ఒకటి రెండు తప్ప పగలలేదు. నాయన ఒకదాన్ని అరచేత్తో తుడిచాడు. మెరుగు చెక్కు చెదరలేదు, ఆయన మొగం అందులో తేటగా కనిపించింది. ఆయన దాన్ని బోర్లించి, వెనకవైపు గరుకు పైకి వచ్చేట్టు పెట్టి, వచ్చేశాడు. ఆ తర్వాత మా నాయన ఎన్నో ఏళ్లు రాళ్లకు మెరుగు పెట్టాడు. ఇంట్లో మాత్రం నున్నటి వస్తువు ఏదీ ఉండనిచ్చేవాడు కాదు.

ఇప్పటి ఇళ్లు చూస్తుంటే ఒక రకంగా నిబ్బరమే. ఆ పడకగది గోడ తప్పిస్తే రాయి కాగితమంత పలచన, చెక్క పొట్టుతో చేసింది, మీద పడ్డా బట్టలు దులుపుకుని లేవచ్చు. ఆ అమ్మాయి చేసిందదే, బరువు లేకుండా అందం. మా నాయనకు ఆ వీలు లేదు. ఆయనకు అందం కావాలంటే బరువు కూడా మొయ్యాలి, ఆ బరువును మోసేది మా అబ్బ తొక్కిన మట్టి. కాని నాకొక ఇబ్బంది ఉంది. అప్పుడు గోడ బోలుగా మోగితే భయపడాలని తెలుసు. ఇప్పుడు ప్రతి గోడా బోలుగానే మోగుతుంది, దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో చెవికి తెలియదు. కొట్టి చూసి చెప్పగలిగినవాళ్లం మేం, ఆ ఒక్క చదువూ ఇప్పుడు పనికిరాకుండా పోయింది. భయం మాత్రం అట్లాగే ఉంది, ఎక్కడ ఆనాలో తెలియక తిరుగుతోంది.

తమ్ముడి పురుడు మాబున్ని వసారాలోనే జరిగింది. ఓబులేసని జేజే వాడి చెవిలో చెప్పింది. అప్పటికి వాడు గడప దాటి వచ్చినవాడే, వానలో తడిసినవాడే, ఏమీ కాలేదు. జనం వెళ్లిపోయాక జేజి నన్ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. ఎదురుగా మా ఇల్లున్న చోట మట్టికుప్ప ఎండుతోంది.

"ఆ పొద్దు నాకు ఏందో చెప్పాలని వచ్చినావే," అంది. "ఏందది? ఇప్పుడన్నా చెప్పు."

"ఏం లేదు జేజీ. అబ్బ కట్టిన గోడ నీమీద పడదులే, నువ్వే దానిమీద పడితే ఆ గోడ తట్టుకోలేదు, బయటికి రా అని చెప్దామనుకున్యా."

జేజి నవ్వింది. పొట్ట ఊగేట్టు, వక్కపలుకులు నోట్లోంచి జారేట్టు, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అమ్మ లోపల నుంచి ఏమైందని అడిగింది. జేజి చెప్పలేకపోయింది. నవ్వుతూనే ఉంది, కళ్లలో నుంచి నీళ్లు కారుతున్నాయి, నా మణికట్టును ఆ రోజు గుంజను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఎంతకీ వదల్లేదు.